నీళ్ళ కార్పొరల్ సాక్ష్యం

యుద్ధం ముగిసి ఊళ్ళో దిగిన రోజున నా చేతిలో ఉన్నవి చిరిగిన దుప్పటి ఒకటి, గొలుసు లేని జేబు గడియారం ఒకటి, సిపాయిల నీళ్ళబుడ్లు రెండు. కాళ్ళకు చెప్పులు లేవు. గడియారాన్ని విల్యారికా సంతలో ఇచ్చేస్తే రెండు బస్తాల ఉప్పు, నీళ్ళు పోసి పీల్చుకునే మాతే ఆకు ఒక మూట వచ్చాయి. దుప్పటి మా అమ్మ పోయినప్పుడు ఆమె మీద కప్పాను. బుడ్లలో ఒకటి నాది, గోడకు వేలాడుతోంది. రెండోదాన్ని కొట్లో పనికి పెట్టాను. ఆ ఉప్పుతో మొదలైన కొట్లోనే కూర్చుని డెబ్భై తొమ్మిదో ఏట ఇది రాస్తున్నాను.

కిందటి భాగం చదివినవారికి దామియానా సంగతి తెలుసు. ఇవాళే ఈ కథ అందుకున్నవారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. కొత్త రాజ్యాంగం వచ్చాక, బొలీవియాతో జరిగిన చాకో యుద్ధంలో పోరాడినవాళ్ళకీ, చనిపోయినవాళ్ళ భార్యలకీ బతికున్నన్నాళ్ళూ పెన్షన్ అన్నారు. నాకు అంతకుముందు నుంచే వస్తోంది. దామియానా అర్జీ మాత్రం తిరిగొచ్చింది. ఆమె భర్త ఫెర్మిన్ ఓవెలార్ పేరు పక్కన, 1933 సెప్టెంబరు పట్టీలో, "పారిపోయినవాడు" అని ఉందట. పారిపోయినవాడి భార్యకు పెన్షన్ లేదు. అదే దళంలో పనిచేసినవాడు ఎవరైనా బతికుంటే ముప్పై రోజుల్లోగా అధికారి ముందు సాక్ష్యం చెప్పించుకోవచ్చని కింద రాశారు. ఆ దళంలో ముప్పై ఒక్క మందిమి. ఇప్పుడున్నది నేనొక్కడినే. ఉత్తరం చదివిపెట్టమని దామియానా నా కొట్టుకే తెచ్చింది. చదివి, సాక్ష్యం నేను చెబుతానన్నాను. ఆమె అడగలేదు. నా నోటి నుంచే వచ్చింది.

ఆమెకు డెబ్భై ఏడు. పదిహేడో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట ఒంటరితనం. పిల్లలు లేరు. మారెకోస్‌ అనే పొగాకు రైతుల పెరట్లో ఒక గుడిసెలో ఉంటుంది, వాళ్ళు ఇచ్చే పొగాకుతో చుట్టలు చుడుతుంది. ఇప్పుడు వేళ్ళు వంగడం లేదు. మామూలుగా రోజుకి వంద చుట్టే మనిషి ఈ మార్చి నెలలో ఇరవై దగ్గర ఆగిపోయింది. ఆ ఇరవైలో కూడా సగం విడిపోతున్నాయి. ఆమెకు వేరే దారి లేదు.

అధికారి వచ్చేది సోమవారం. ఆదివారమంతా నేను ఏం చెప్పాలో తూచి చూసుకున్నాను. ఆఫీసుకి కావలసింది ఒక చావు, ఒక చోటు, చూసిన కళ్ళు. "దాహంతో పోయాడు, నా చేతులతో పాతిపెట్టాను." అంతే. కాదనడానికి ఎవరూ మిగల్లేదు. దామియానాకి పెన్షన్ వస్తుంది, చచ్చినవాడి పేరు బాగుపడుతుంది, నాకు పోయేదేమీ లేదు. ఎవరికీ నష్టం లేని అబద్ధం అనుకున్నాను. బేరాలలో ఇన్నేళ్ళు గడిపినవాడిని, ఒక మనిషిని లెక్కలోకి తీసుకోవడం మరిచిపోయాను.

పదకొండు గంటల బస్సు ఎప్పటిలాగే ఎదురుగా కెప్టెన్ మారెకోస్ పేరున్న బడి ముందు ఆగింది. దిగిన అమ్మాయికి ముప్పై ఐదు ఉంటాయేమో. పేరు గ్రీసెల్దా. చంకలో తోలు సంచి, జుట్టు నిండా ఎర్రదుమ్ము.

"బస్సులో కోళ్ళన్నీ కూర్చున్నాయి, నేనే నిలబడ్డాను తాతగారూ," అంది గుమ్మంలోకి వస్తూనే.

"కోళ్ళు ముందే ఎక్కుతాయమ్మా. వాటికి ఆఫీసు లేదుగా."

దామియానా అప్పటికే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. సోమవారం ఆత్మల రోజు. పొద్దున్నే దారి పక్కన ఫెర్మిన్ పేరుతో పాతిన చెక్క శిలువ దగ్గర గ్లాసుడు నీళ్ళు పెట్టి వచ్చింది. ఎండిపోతుందని తెలుసు, కుక్కలు తాగుతాయనీ తెలుసు, ప్రతి సోమవారం పెడుతుంది. నోట్లో లావుపాటి చుట్ట. అమ్మాయిని పైనుంచి కింది దాకా చూసింది.

"ఆడపిల్లను పంపారేం? మగాళ్ళందరూ పెన్షన్ పుచ్చేసుకుని ఇంట్లో పడుకున్నారా?"

"మగాళ్ళు బస్సెక్కరు బామ్మగారూ."

"అయితే కూర్చో. దాహంగా ఉంటుంది."

కొమ్ము గిన్నెలో మాతే ఆకు నింపి, కూజాలోంచి చల్లటి నీళ్ళు పోసి, మొదటిది తను గొట్టంతో పీల్చి, రెండోది అమ్మాయికి, మూడోది నాకు అందించింది. మా వైపు పోసే చెయ్యి ఒక్కటే ఉంటుంది. తాగినవాడు ఆ చేతికే తిరిగి ఇవ్వాలి. ఇక వద్దనుకుంటే దండం పెడతాడు, వరస అతన్ని వదిలి ముందుకు పోతుంది. అలా రెండుసార్లు తిరిగాక గ్రీసెల్దా ఫైలు తీసింది. అందులో దామియానా తన దగ్గరున్న కాగితాలన్నీ పెట్టేసింది. చర్చి పెళ్ళి కాగితం, ఓటు కార్డు, చివరికి ఓవెలార్ల ఎద్దులకు వేసే ముద్ర కాగితం కూడా. కొంకి, దాని మీద అర్ధచంద్రుడు. ఆ ఎద్దులు చచ్చి నలభై ఏళ్ళయింది.

"ప్రమాణం చేసి చెప్పండి."

శిలువ గీసుకున్నాను. తూచిపెట్టుకున్నది తూచినట్టే చెప్పాను. కోట దాటి ముళ్ళపొదల్లో మకాం అనీ, సెప్టెంబరు అనీ, నీళ్ళ బండి రాలేదనీ, ఫెర్మిన్ నా కళ్ళముందే పోయాడనీ, ఒక గుంట తవ్వి పూడ్చాననీ. గ్రీసెల్దా కలం గీస్తూ పోతోంది.

"పాతిపెట్టినప్పుడు ఇంకెవరున్నారు?"

"ఉన్నవాళ్ళు ఇప్పుడు లేరు."

కొమ్ము గిన్నె నా వైపు రావలసిన వంతు. రాలేదు. దామియానా దాన్ని ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"పాతిపెట్టావా?"

"పాతిపెట్టాను వదినా."

"నీ చేత్తో?"

"నా చేత్తోనే."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"బాధపడతావని."

ఆమె చుట్ట తీసి బల్ల అంచు మీద పెట్టింది. కోపంగా ఏం లేదు. అలసిపోయిన మనిషి మోకాలు సర్దుకున్నట్టు సర్దుకుని కూర్చుంది.

"పంపు దగ్గరికి పోతే పారిపోయినవాడి పెళ్ళాం వచ్చింది జరగండి అన్నారు. చర్చిలో వెనక బెంచీ. వీరుల దినం రోజున వెధవ ముండలందరికీ పూలు, నాకు లేవు. నీకు తెలుసు. ఈ కొట్లో కూర్చుని అన్నీ విన్నావు. ఆయన దాహంతో పోయాడన్న మాట అంతకన్నా ఎక్కువ బాధా?"

గ్రీసెల్దా కలం ఎత్తేసింది. నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, పనికొచ్చే మాట మాత్రం కాదు.

"సరే, పాతిపెట్టావు. బుడ్డి ఏది?"

అప్పుడు నాకు అర్థమైంది, ఏం లెక్కలోకి తీసుకోలేదో. ఆ యుద్ధంలో చచ్చినవాడి నీళ్ళబుడ్డి తోటివాడు ఇంటికి తెచ్చి ఇవ్వాలి. చొక్కా తేకపోయినా, ఉత్తరాలు తేకపోయినా, బుడ్డి తెస్తారు. విసెంతా ముసలమ్మ ఇంట్లో ఇద్దరు కొడుకుల బుడ్లూ దేవుడి పటం పక్కనే ఉన్నాయి. వాటిలో ఇప్పటికీ నీళ్ళు మారుస్తారు.

"మీరంతా ముప్పై ఐదులో వచ్చారు. నేను మూడు నెలలు గుమ్మంలో కూర్చున్నాను, ఎవరైనా తెస్తారని. ఎవరూ రాలేదు గనకే, పారిపోయాడేమో, బొలీవియాలో ఎవత్తెతోనో ఉన్నాడేమో అని నేనూ నమ్మాను. సొంత పెళ్ళాన్ని, నేనూ నమ్మాను. బుడ్డి ఏది రోసెందో?"

"అతనితోపాటే పాతిపెట్టేశాను."

"నీళ్ళబుడ్డిని?"

"అవును."

"పొద్దున్నే మంచు నాకి బతికామని చెబుతారే, ఆ చోట? బుడ్డిని మట్టిలో పెట్టావా? నువ్వు?" ఆమె నవ్వింది, పళ్ళు లేని నోటితో, సరదా లేకుండా. "ఖాళీ గోనెసంచి ఉతికి మళ్ళీ అమ్మే మనిషివి. మేకు వంగితే రాయి మీద పెట్టి సాపు చేస్తావు. నువ్వు బుడ్డి పాతిపెట్టావా!"

గ్రీసెల్దా ఫైలు అడుగు నుంచి ఒక నకలు లాగింది. పాత పుస్తకంలోని పేజీని ఫోటో తీయించిన కాగితం, అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. వేలు పెట్టి చదివింది.

"సిపాయి ఫెర్మిన్ ఓవెలార్ మధ్యాహ్నం కాపలా నుంచి కనబడలేదు. తుపాకి వదిలాడు. బుడ్డి తీసుకెళ్ళాడు. చెప్పినవాడు నీళ్ళ కార్పొరల్ రోసెందో కాన్యేతె." తలెత్తింది. "తాతగారూ, ఇది మీరేనా?"

"నేనే."

"అప్పుడు బుడ్డి తీసుకెళ్ళాడన్నారు. ఇప్పుడు మీ ముందే పోయాడు, బుడ్డి పాతిపెట్టాను అంటున్నారు."

ఆ రోజుల్లో మా అందరికీ తెలిసిన రూలు ఒకటుంది. తుపాకి పట్టుకుపోయినవాడు దారి తప్పాడు. రెండూ వదిలిపోయినవాడికి దాహంతో మతి పోయింది. తుపాకి వదిలి బుడ్డి పట్టుకుపోయినవాడు మాత్రం ఇంటిదారి పట్టాడు. ఆ ఒక్క మాట మీదే లెఫ్టినెంటు ఫెర్మిన్‌ని పారిపోయినవాడిగా రాశాడు. ఆ మాట చెప్పింది నేను.

"రెండిట్లో ఒకటే రాయగలను," అంది గ్రీసెల్దా. గొంతులో గద్దింపు లేదు, ప్రయాణం అలసటే ఉంది. "రెండూ మీరే చెప్పారు గనక అసలేదీ నిలవదు. ఇలాగే తీసుకెళితే అర్జీ కొట్టేస్తారు. గడువు గురువారంతో అయిపోతుంది. బామ్మగారికి మళ్ళీ అవకాశం ఉండదు."

మామూలుగా అయితే బేరం చెడినప్పుడు ఇంకొంచెం తగ్గించి చూస్తాను. ఇక్కడ తగ్గించడానికి ఏమీ లేదు. నేను నోరు మూసుకుంటే దామియానా ఆ ఇరవై చుట్టల దగ్గరికి తిరిగిపోతుంది. మాట్లాడితే మాట్లాడవలసింది ఒక్కటే ఉంది. కుర్చీ చేతులు పట్టుకుని లేచాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి.

కొట్టు వెనక అరలో కిరసనాయిలు డ్రమ్ము ఉంది. కరెంటు వచ్చాక కొనేవాళ్ళు తగ్గారు, పొలాల్లో ఉండేవాళ్ళూ, గుడిసెకు తీగ లాగించుకోలేని దామియానా లాంటివాళ్ళూ వస్తారు. డ్రమ్ము పక్కన మేకుకు, తీగ చుట్టిన కొలత పాత్ర వేలాడుతుంది. నల్లగా, జిడ్డుగా. దాన్ని తీసుకొచ్చి బల్ల మీద, ఆమె కాగితాల పక్కన పెట్టాను. చాకుతో అడుగున ఉన్న జిడ్డు గీకాను. చాలాసేపు పట్టింది. ఇద్దరూ చూస్తున్నారు. అల్యూమినియం మీద ముల్లుతో చెక్కిన కొంకి బయటపడింది. దాని మీద అర్ధచంద్రుడు.

ఫెర్మిన్‌కి చదువు రాదు. తన బుడ్డి వేరేవాళ్ళది కలిసిపోకుండా ఎద్దుల ముద్ర గీసుకున్నాడు.

గ్రీసెల్దా ముద్ర కాగితం తీసి పక్కన పెట్టింది. దామియానా కాగితం వైపు చూడలేదు.

"చెప్పు," అంది.

చెప్పాను. నేను దళానికి నీళ్ళు కొలిచేవాడిని. రోజుకొక డబ్బా వచ్చేది. మనిషికింతని పంచేవాడిని. ఆ వారం రెండు రోజులు బండి రాలేదు. మూడో రోజు సగం డబ్బా వచ్చింది. ఫెర్మిన్ జ్వరంతో కాపలాలో ఉన్నాడు, బుడ్డి నింపిపెట్టమని నాకు పంపాడు. నింపాను. అప్పుడే పక్క దళం నుంచి ఒక ఆఫీసరు గుర్రం మీద వచ్చాడు. బుడ్డెడు నీళ్ళకి జేబు గడియారం ఇస్తానన్నాడు.

"నాకు ఇరవై ఏళ్ళు వదినా. గడియారం అంతవరకు చేత్తో పట్టుకోలేదు. రేపు బండి వస్తుంది, ఫెర్మిన్‌కి రెండింతలు పోద్దాం అనుకున్నాను. నా నీళ్ళు ఇవ్వచ్చు. ఇవ్వలేదు. ఆయన బుడ్డి నిండుగా చేతిలో ఉంది, అదే వంచేశాను."

"రేపు బండి వచ్చిందా?"

"రాలేదు."

"ఆయన అడిగాడా?"

"మూడుసార్లు అడిగాడు. ఇంకా నింపలేదన్నాను. మూడోసారి నవ్వాడు. రోసెందో, నీ దగ్గర బుడ్డి పెడితే కోడి గుడ్డు పెట్టేదాకా ఆగాలిరా అన్నాడు. తర్వాత తుపాకి చెట్టుకు ఆనించాడు. చొక్కా విప్పాడు. మడిచి తుపాకి దగ్గర పెట్టాడు, నువ్వు మడిచినట్టే. నీళ్ళ చప్పుడు వినబడుతోందంటూ పొదల్లోకి నడిచాడు. ఇంటిదారి తూర్పున. ఆయన పడమటికి వెళ్ళాడు."

"నువ్వు వెనకాల వెళ్ళలేదా?"

"కొంత దూరం వెళ్ళాను. తిరిగొచ్చాను."

"ఎందుకు తిరిగొచ్చావు?"

"దాహమేసింది."

బయట ఎద్దుబండి ఇరుసు ఏడుస్తూ పోయింది.

"లెఫ్టినెంటు వచ్చి, బుడ్డి పట్టుకెళ్ళాడా అని అడిగాడు. నా దగ్గరే ఉందంటే, ఎందుకుంది, ఎందుకు ఖాళీగా ఉంది అంటాడు. నీళ్ళు అమ్మినవాడిని అక్కడికక్కడ కాల్చేవాళ్ళు. పట్టుకెళ్ళాడన్నాను. అంతే."

"బుడ్డి అక్కడే పారెయ్యకపోయావా?"

"ఆ చోట బుడ్డి పారెయ్యడం ఎవరికీ చేతకాదు. తెచ్చి నీకివ్వడం నాకు చేతకాలేదు. పనికి పెట్టాను."

ఆమె బుడ్డిని రెండు చేతుల మధ్య తీసుకుంది. వంగని వేళ్ళతో కొంకిని తడిమింది. వాసన చూసింది.

"ప్రతి శనివారం నా లాంతరుకి దీంతోనే కొలిచేవాడివి."

"దీంతోనే."

"చెయ్యి వణకలేదా?"

"మొదటి ఏడాది వణికింది." తర్వాతిది కూడా చెప్పాలి. "తర్వాత వణకలేదు. నీకు ఎప్పుడూ అంచు దాటి పోసేవాడిని వదినా."

"తెలుసు," అంది. "రోసెందో కొట్లో కొలతకు తక్కువ రాదని నేనే అందరికీ చెప్పేదాన్ని."

లేచింది. బుడ్డి చంకలో పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది. గ్రీసెల్దా కంగారుపడింది.

"బామ్మగారూ, అది ఉంటేనే మీ కేసు నిలబడేది! దానికి ఫోటో తియ్యాలి. మీ వేలిముద్ర కూడా కావాలి, సాక్ష్యం ఒప్పుకుంటున్నానని. ముద్ర లేకపోతే..."

దామియానా ఆగకుండా ఎండలోకి వెళ్ళిపోయింది.

నాలుగింటికి బస్సు. మేమిద్దరం కూర్చున్నాం. గ్రీసెల్దా నా మొదటి సాక్ష్యం అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం మీద రెండోది రాసి, చదివి వినిపించింది. నా మాటల్లోంచి కోడి గుడ్డు మాట తీసేసింది. పెట్టమన్నాను. పెట్టింది. సంతకం చేశాను.

"మీ మీద వేరే కాగితం రాయాలి తాతగారూ. తప్పదు. మీ పెన్షన్ ఆపచ్చు. యుద్ధానికి ఇచ్చిన శిలువ పతకం వెనక్కి అడగచ్చు."

"పతకం సొరుగులోనే ఉంది. ఇప్పుడే తీసుకెళ్తావా?"

"నాకా అధికారం లేదు."

"అయితే ఆఖరికి ఎవరో ఒకరు ఇంకో బస్సెక్కాలి."

ఆమె నవ్వలేదు. కాగితాలు మడుస్తూ, "ఈ సాక్ష్యం నిలుస్తుంది," అంది. "బుడ్డి వదిలిపోయాడు, తుపాకి వదిలిపోయాడు, పైగా ముద్ర కూడా కలిసింది. పట్టీలో ఆ మాట కొట్టేస్తారు. ఆవిడ వేలు ఒక్కటే తక్కువ." నా కళ్ళలోకి చూసి అడిగింది. "ఇన్నేళ్ళూ ఎలా ఉన్నారు?"

"కొట్టు ఉంది. పొద్దున తీయాలి, సాయంత్రం మూయాలి," అన్నాను. అంతకన్నా మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

గుమ్మంలోంచి వీధి పంపు కనబడుతోంది. దామియానా దాని కింద కూర్చుని బుడ్డి కడుగుతోంది. ముందు బూడిద వేసి తోమింది. తర్వాత ఇసుక. పుల్లనారింజ ఆకులు తెంపి, నలిపి, లోపలికి కుక్కి, గిలకొట్టి, పారబోసింది. మళ్ళీ వాసన చూసింది. మళ్ళీ బూడిద. పంపు దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళు కూజాలు పట్టుకుని వెనక నిలబడ్డారు. ఈసారి ఎవరూ జరగమనలేదు. ఏం జరుగుతోందో తెలియక కావచ్చు.

మూడున్నరకు తిరిగొచ్చింది. చీలమండల దాకా తడిసి ఉంది. బుడ్డి తెల్లగా మెరుస్తోంది, నిండుగా ఉంది. కూజా పక్కకు జరిపి, కొమ్ము గిన్నెలో పాత ఆకు దులిపేసి, కొత్త ఆకు వేసి, బుడ్డిలోంచి నీళ్ళు పోసింది. పోసే చెయ్యే ముందు తాగాలి. తాగింది. ముఖం చిట్లించలేదు. మళ్ళీ నింపి నాకందించింది.

"తాగు."

తాగాను.

"వాసనుందా?"

"ఉంది."

"ఉంటుంది. ఒక్క కడుగుతో పోదు." మళ్ళీ నింపింది. "ఇంకోటి తాగు. ఇది ఆయన వాటా."

దండం పెడితే వరస నన్ను వదిలేస్తుంది. పెట్టలేదు. ఆమె ఆగలేదు. ఎన్ని తాగానో చెప్పను. బుడ్డిలో సగం అయ్యేదాకా పోస్తూనే ఉంది. తర్వాత మూత బిగించి, మిగిలిన సగంతో బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని, గ్రీసెల్దా వైపు బొటనవేలు చాపింది.

"ఎక్కడమ్మాయీ?"

వేలు వంగలేదు. అమ్మాయే పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కింది. బుడ్డికి రెండు ఫోటోలు తీసింది. బుడ్డి తీసుకెళ్ళాలా అని దామియానా అడిగితే, అక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి అంది. బయట బస్సు హారన్ కొట్టింది. సంచి సర్దుకుని పరిగెత్తింది. ఈసారి కిటికీ పక్క సీటు దొరికింది, చెయ్యి ఊపింది.

దామియానా కూడా లేచింది. సోమవారం ఇంకా అయిపోలేదు, శిలువ దగ్గరికి వెళుతుందని నాకు తెలుసు. గుమ్మంలో ఆగింది.

"ఆ నీళ్ళు తాగినవాడు బతికాడా?"

"బతికాడు. కల్నల్ కావలసినవాడు, కెప్టెన్‌గానే ఆగిపోయాడు."

"మన వైపు మనిషేనా?"

నేను బల్ల మీది సిరా మరక తుడవడం మొదలుపెట్టాను.

"ఇవాళ నువ్వు చాలా మాట్లాడావు. అలసిపోయుంటావు," అంది. "రేపు పొద్దున వస్తాను. ఆ గడియారం ఎవరిదో చెబుదువుగాని. కాగితంలో ఎక్కకపోయినా ఫరవాలేదు, నాకు తెలియాలి."

వెళ్ళిపోయింది. ఎదురుగా బడి గోడ మీద, నీలం రంగుతో ఏటేటా దిద్దే కెప్టెన్ మారెకోస్ పేరు ఎండలో స్పష్టంగా ఉంది. దాని వెనక వాళ్ళ పొగాకు గాదె, గాదె వెనక దామియానా గుడిసె కప్పు.

కొట్టు మూసేముందు చూసుకున్నాను. పోయినవి కిరసనాయిలు కొలత, పోయినట్టే అనుకోవలసిన సొరుగులోని పతకం, కొలతకు తక్కువ రాదన్న పేరు. మిగిలినవి ఒక ముసలామె వేలిముద్ర, ఫెర్మిన్ ఓవెలార్ పేరు పక్కన రేపో మాపో పడబోయే ఒక కొట్టివేత, నా నోట్లోంచి పోని కిరసనాయిలు రుచి. చెప్పవలసిన పేరు ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది. ఆమెకు పెన్షన్ ఎలాగూ వస్తుంది, ఆ పేరు చెబితే మాత్రం వాళ్ళ పెరట్లో ఆమె తల మీదున్న కప్పు పోతుంది.